నీళ్ల మీద చూసి కలిపే రంగు

(పెద్ద సైజు మోడల్ పడవలు కట్టేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఈరోజు మీటరు, మీటరున్నర, అంతకంటే పొడవున్న మోడళ్ల గురించి మాట్లాడతాను. అంటే 1/24, 1/48, 1/72, 1/96 స్కేళ్లలో (1/48 అంటే అసలు ఓడలో 48వ వంతు) కట్టి, మోటారు పెట్టి నీళ్లలో వదిలేవి. అద్దాల బీరువాలో పెట్టుకునే చిన్న కిట్లకు చెప్పే పెయింటింగ్ సలహాలు మన దగ్గర చాలానే తిరుగుతుంటాయి. వాటిలో సగం మన పడవలకు పనికిరావు. మన పడవ ఎండలో ఉంటుంది, తడుస్తుంది, గట్టుకు రాసుకుంటుంది. దాన్ని గట్టు మీద నిలబడి, పది పదిహేను మీటర్ల దూరం నుంచి, ఆకాశం వెలుగులో చూస్తాం. పైగా దానికి పట్టే పెయింట్ చాలా ఎక్కువ. చిన్న సీసాలతో అది తేలే పని కాదు.

అందుకే నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పెద్ద మోడల్‌కి ముఖ్యమైన రంగును మనమే కలుపుకోవాలి. మొత్తం ఒకేసారి కలపాలి, తూకం వేసి కలపాలి, బయటి వెలుగులో చూసి ఖాయం చేసుకోవాలి. ఇవాళ నేను చెప్పేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు అసలు ఓడ రంగు ఏమిటన్నది తేల్చుకుందాం. చాలామంది పాత ఫొటోలు ముందేసుకుని మొదలుపెడతారు. నలుపు తెలుపు ఫొటోతో ఒక పెద్ద చిక్కుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి వరకు ఎక్కువగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడదు. ఎర్రగా ఉన్నది ఫొటోలో దాదాపు నల్లగా వస్తుంది, నీలం ఉన్నదానికంటే లేతగా వస్తుంది. కాబట్టి అలాంటి ఫొటోలో నీటి గీత కింద భాగం నల్లగా ఉందని మీరు నలుపు వేసేస్తే, అక్కడ నిజంగా ఉన్నది ఎర్రటి అడుగు పెయింట్ అయుండొచ్చు. తర్వాత వచ్చిన పాంక్రోమాటిక్ ఫిల్ము అన్ని రంగులనూ పట్టుకుంటుంది, అయినా ఏ బూడిద ఏ రంగుదో అది చెప్పదు. ఫొటో నుంచి ఏది ముదురు, ఏది లేత, రెండు రంగుల హద్దు ఎక్కడ అనేవి తీసుకోండి. రంగు ఛాయ కోసం రాతపూర్వకమైన ఆధారం వెతకండి.

కళ్లెదుట ఉన్న ఓడ కూడా మోసం చేయగలదు. హెచ్ఎంఎస్ విక్టరీ అందరికీ తెలిసిందే, ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన ఓడ. దాని పక్కల మీద నల్ల చారల మధ్య ముదురు పసుపు చారలు ఉండేవి, మోడళ్లన్నీ అలాగే వచ్చేవి. పాత పెయింట్ పొరలను ఒక్కొక్కటిగా పరీక్ష చేసి, 1805 నాటి రంగు అంత పసుపు కాదని, కాస్త గులాబీ ఛాయ ఉన్న లేత మీగడ రంగని తేల్చారు. 2015లో ఓడకు ఆ రంగే వేశారు. పాత పసుపుతో మీరు ఇదివరకే మోడల్ కట్టి ఉంటే దాన్ని గీకెయ్యమని నేను అనను. ఆ ఓడ ఎన్నో ఏళ్లు ఆ పసుపులోనే ఉంది, అది కూడా ఆ ఓడ చరిత్రే. కానీ 1805 అని పలక పెట్టాలనుకుంటే మాత్రం కొత్తగా కలపాల్సిందే.

యుద్ధనౌకల విషయంలో మన అదృష్టం బాగుంది, కాగితాలు ఉన్నాయి. బ్రిటిష్ నౌకాదళంలో 507ఏ అనే ముదురు బూడిద హోమ్ ఫ్లీట్‌కి (స్వదేశీ జలాల్లోని నౌకాదళానికి), 507సి అనే లేత బూడిద మధ్యధరా సముద్రం, ఇంకా దూరపు స్థావరాలలో ఉన్న ఓడలకు వాడేవారు. ఎండ బాగా కాసే చోట లేత రంగు, మబ్బు పట్టిన ఉత్తర సముద్రాలలో ముదురు రంగు. ఈ తర్కం తెలిస్తే మీ ఓడ ఏ సంవత్సరంలో ఎక్కడుందో చూసి రంగు ఊహించగలుగుతారు, ఆ తర్వాత ఆధారంతో సరిచూసుకోవచ్చు.

అమెరికా నౌకాదళం పద్ధతి నాకు ఇంకా ఇష్టం. ఎందుకంటే వాళ్లు మనలాగే కలిపేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో 5-యు అనే తెల్లటి మూల పెయింట్, ఊదా ఛాయ ఉన్న నీలి పేస్టు ఓడలకు సరఫరా అయ్యేవి. ఆ పేస్టు ఎంత కలిపితే అంత ముదురు. కొద్దిగా వేస్తే 5-హెచ్ అనే హేజ్ గ్రే, బాగా వేస్తే 5-ఎన్ అనే నేవీ బ్లూ. అంటే ఆ బూడిదలన్నీ ఒకే కుటుంబం, అన్నింటిలోనూ అదే నీలం ఉంది. మెజర్ 22 అనే వాళ్ల రంగుల పథకంలో హల్ (ఓడ బయటి దేహం) కింది భాగం 5-ఎన్, పైన 5-హెచ్. ఈ రెంటినీ రెండు వేరువేరు కంపెనీల సీసాల నుంచి తీసి వేస్తే పక్కపక్కన కుదరవు, ఒకదానికొకటి చుట్టం కానట్టు కనిపిస్తాయి. ఒకే తెలుపు, ఒకే నీలి మిశ్రమం నుంచి రెండూ కలిపితే ఎంత హాయిగా కుదురుతాయో ఒకసారి చేసి చూడండి. 1945కి వచ్చేసరికి ఆ నీలి పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కొరత వల్ల నీలం లేని మామూలు బూడిదలకు మారారు. కాబట్టి యుద్ధం చివరినాళ్ల ఓడ కడుతుంటే ఈ మార్పు గుర్తుపెట్టుకోండి.

పీటర్ స్కాట్ 1940లో బ్రిటిష్ యుద్ధనౌకలు కనపడకుండా ఉండటానికి రూపొందించిన వెస్టర్న్ అప్రోచెస్ రంగుల పథకం గురించి కూడా ఒక మాట. తెలుపు మీద లేత నీలం, లేత ఆకుపచ్చ. మోడళ్ల మీద ఈ రెండు రంగులూ దాదాపు ఎప్పుడూ ముదురుగానే వేస్తారు, ఎందుకంటే గదిలో కూర్చుని కలిపేటప్పుడు అంత లేత రంగు అసలు రంగులా అనిపించదు. అవి తెలుపుకు చాలా దగ్గరి రంగులు. మబ్బు వెలుగులో, తెల్ల పెయింట్ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది, అంతే చాలు.

ఇక రంగుల ప్రమాణాలు, అంటే ఒక్కో రంగుకూ ఒక నంబరు ఇచ్చిన పట్టికలు. జర్మనీలో 1927లో 40 రంగులతో మొదలైన రాల్ పట్టిక, బ్రిటన్‌లో బీఎస్ 381సి, అమెరికాలో 1956లో వచ్చిన ఫెడరల్ స్టాండర్డ్ 595. ఫెడరల్ స్టాండర్డ్ అంకెల్లో మొదటిది మెరుపును చెబుతుంది: 1 అంటే గ్లాస్ (బాగా మెరిసేది), 2 అంటే సెమీ గ్లాస్ (కొంచెం మెరిసేది), 3 అంటే మ్యాట్ (మెరుపు లేనిది). ఇప్పటి హేజ్ గ్రే 26270 అని రాస్తారు. 36270 కూడా అదే రంగు, మ్యాట్‌లో. ఈ నంబర్లు మీ దగ్గరుంటే పెయింట్ దుకాణంలో మెషీన్ మీద లీటరు కలిపి ఇస్తారు. నేను దానికి వ్యతిరేకిని కాను. నిజానికి పెద్ద మోడల్‌కి అదే మంచి మొదలు. కానీ అది మొదలు మాత్రమే. డబ్బా ఇంటికి తెచ్చాక మన పని ఉంది.

అదేమిటో చెప్తాను. అసలు ఓడకు వేసిన పెయింటే తెచ్చి మోడల్‌కి వేస్తే ముదురుగా, బరువుగా కనిపిస్తుంది. దీన్ని మనవాళ్లు స్కేల్ ఎఫెక్ట్ అంటారు. దీనికి గాలిలోని మంచు, దుమ్ము కారణమని చాలాచోట్ల చదివి ఉంటారు. దూరపు కొండలు లేతగా, నీలంగా కనిపిస్తాయి కదా, అదే లెక్క అని. కొంతవరకు నిజమే. 1/48 మోడల్‌ని పది మీటర్ల నుంచి చూస్తే అసలు ఓడను దాదాపు అర కిలోమీటరు దూరం నుంచి చూసినట్టు. సముద్రం మీద ఆ దూరానికి రంగు కొంత పలచబడుతుంది. కానీ అదే మోడల్‌ని మీటరు దూరం నుంచి చూసినా ముదురుగానే అనిపిస్తుంది, అది గాలి లెక్కకు అందదు. అక్కడ పనిచేసేది విస్తీర్ణం. ఒకే రంగు పెద్ద గోడ మీద ప్రకాశంగా, చిన్న ముక్క మీద మసకగా కనిపిస్తుంది. గోడలకు రంగులు వేసే ఎవరినడిగినా చెబుతారు, చిన్న షేడ్ కార్డు చూసి ఎంచుకున్న రంగు గోడ మీదకు వచ్చేసరికి ఘాటుగా తేలుతుంది. మనది దానికి తిరగబడ్డ సమస్య. పెద్ద ఓడ రంగును చిన్న హల్ మీద వేస్తున్నాం, కాబట్టి కాస్త లేత చేయాలి.

ఎంత లేత? మోడలర్లలో వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 1/32కి 7 శాతం, 1/48కి 10 శాతం, 1/72కి 15 శాతం తెలుపు కలుపుతారు. ఇది శాస్త్రం తేల్చిన సంఖ్య కాదు, అనుభవం మీద స్థిరపడ్డ అలవాటు. మొదలుపెట్టడానికి బాగుంటుంది. నా మట్టుకు నేను ఈ లెక్కకు కాస్త తక్కువలోనే ఆగుతాను. ఎందుకంటే మన పడవలు బయట ఎండలో తిరుగుతాయి, ఎండే వాటిని లేత చేసి చూపిస్తుంది. ఎక్కువ తెలుపు పడితే బొమ్మ పడవలా పాలిపోతుంది.

ఇంకోటి, లేత చేయడమంటే ఎప్పుడూ తెలుపు పోయడం కాదు. ఎరుపులో తెలుపు పోస్తే గులాబీ అవుతుంది. లైఫ్‌బోట్ల నారింజలో తెలుపు పోస్తే చప్పబడిపోతుంది. ఎరుపును లేత చేయాలంటే కొంచెం నారింజ లేదా కొంచెం పసుపు ఆక్సైడ్ వేయండి, తెలుపు చివర్లో చిటికెడు. అడుగున వేసే ఎరుపు ఎలాగూ అగ్నిమాపక వాహనం లాంటి ఎరుపు కాదు. అసలు ఓడల అడుగు పెయింట్‌లో ఆ ఎరుపు క్యూప్రస్ ఆక్సైడ్ నుంచి, ఐరన్ ఆక్సైడ్ నుంచి వచ్చింది. రెండూ గోధుమ వైపు మొగ్గిన ఎరుపులే. కాబట్టి మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (అసలు రంగు కింద వేసే మొదటి పూత) రంగు దగ్గర మొదలుపెట్టి, కొంచెం ఎరుపు చేర్చితే సరిపోతుంది. కట్టీ సార్క్ లాంటి క్లిప్పర్ (వేగంగా వెళ్లే తెరచాప ఓడ) అయితే కథ వేరు. 1869 నాటి ఆ ఓడ అడుగున పెయింట్ కాదు, మంట్జ్ మెటల్ రేకులు, అంటే సుమారు 60 పాళ్లు రాగి, 40 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి. దాన్ని పెయింట్‌తోనే చూపించాలంటే గోధుమ మూలం మీద సన్నటి మెటాలిక్ పలచగా కొట్టాలి. దుకాణాల్లో దొరికే ముతక మెటాలిక్‌లో రేకులు మరీ పెద్దవి, మన స్కేల్లో అవి నక్షత్రాల్లా మెరుస్తాయి.

నలుపు దగ్గర కూడా ఇదే మాట. డబ్బాలోని పచ్చి నలుపు వేస్తే హల్ ఆకారమే తెలియదు, నీడలన్నీ అందులో మునిగిపోతాయి. నలుపులో ఐదో ఆరో వంతు తెలుపు, కొంచెం గోధుమ వేసి బాగా ముదురు బూడిద చేయండి. పక్కన ఏ రంగూ లేకపోతే అది నలుపే అనిపిస్తుంది. తెలుపును కూడా విరవాలి. చిటికెడు పసుపు ఆక్సైడ్, దానికంటే తక్కువ బూడిద. టైటానియం డయాక్సైడ్ తెలుపు పెయింట్లలోకి విరివిగా వచ్చింది 1920ల తర్వాతే. అంతకుముందు లెడ్ వైట్, జింక్ వైట్, వాటిని కలిపింది నూనెలో. నూనె కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. కాబట్టి 1900 నాటి ప్రయాణికుల ఓడ మీద ఇప్పటి ఫ్రిజ్ తెలుపు వేస్తే కంటికి గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మన సభలో అందరికీ కావలసిన బూడిద దగ్గరికొద్దాం. నలుపు, తెలుపు రెండే కలిపితే వచ్చే బూడిద చల్లగా, నిర్జీవంగా ఉంటుంది. నౌకాదళ బూడిదల్లో నీలం ఉంటుంది, కొన్నిట్లో ఆకుపచ్చ ఉంటుంది, వాణిజ్య నౌకల బూడిద వెచ్చగా ఉంటుంది. నా వరస ఇది. పెద్ద డబ్బాలో తెలుపు ముందు పోస్తాను. ఎప్పుడూ లేత రంగులోకి ముదురు రంగు పోయాలి. ముదురులోకి లేత పోస్తూ పోతే కావలసిన రంగు వచ్చేసరికి బకెట్ నిండుతుంది. నలుపు ఎంత బలమైనదంటే, వంద గ్రాముల తెలుపులో ఐదారు గ్రాములు పడితేనే స్పష్టమైన బూడిద కనిపిస్తుంది. బ్రాండును బట్టి మారుతుంది గానీ లెక్క ఆ స్థాయిలోనే ఉంటుంది. అందుకే నలుపును నేరుగా పొయ్యకుండా, వేరే కప్పులో కొంచెం తెలుపుతో కలిపి ముందు ముదురు బూడిద చేసి, దాన్ని పోస్తాను. చెయ్యి జారినా నష్టం తక్కువ. ప్రకాశవంతమైన ముదురు నీలం, అంటే అల్ట్రామెరీన్ తరహా నీలం, దాని తర్వాత. చివరికి కొంచెం అంబర్ అనే మట్టి గోధుమ వేస్తే ఆ నీలం మరీ ఆటబొమ్మ నీలంలా కాకుండా కుదుటపడుతుంది. ఇంకో విషయం, నలుపును పసుపులో కలిపితే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. గంధం రంగు పొగగొట్టాలను ముదురు చేయాలనుకుని నలుపు వేసేవారు దీన్ని చూసి బెంబేలెత్తుతారు. అక్కడ నలుపు వద్దు, గోధుమ వేయండి.

[సభ నుంచి ప్రశ్న: కొలత చుక్కల్లో వేయాలా, కప్పుల్లోనా?]

రెండూ వద్దు. చుక్క సైజు పెయింట్ చిక్కదనాన్ని బట్టి మారుతుంది, కప్పు గోడలకు ఎంత అంటుకుందో తెలియదు. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తూకం కొనండి. కప్పు పెట్టి సున్నా చేసి, ఒక్కో రంగూ పోసినప్పుడల్లా బరువు రాసుకోండి. ముందు 20 గ్రాములతో చిన్న నమూనా కలపండి, రంగు కుదిరాక ఆ నిష్పత్తినే పెద్ద తూకానికి పెంచండి. నమూనాకి మాత్రం 0.01 గ్రాము చూపే తూకం ఇంకా మంచిది, ఎందుకంటే అందులో నీలం బరువు అర గ్రాము కూడా ఉండకపోవచ్చు. పెంచేటప్పుడు లెక్క ప్రకారం మొత్తం ఒకేసారి పొయ్యకండి. ముదురు రంగుల్లో పదో వంతు ఆపి, కలిపి, చూసి, అప్పుడు మిగతాది పోయండి.

మొత్తం ఎంత కలపాలి? ఇది పెద్ద మోడళ్లలో అసలైన ప్రశ్న. మీటరున్నర పొడవు, నీటి గీత పైన 12 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న హల్ అనుకుందాం. రెండు పక్కలు కలిపి 0.36 చదరపు మీటర్లు. డెక్ మీది కట్టడాలు, మాస్టులు, గన్ టర్రెట్లు అవన్నీ అదే బూడిద అయితే ఇంకో 0.4 వేసుకోండి. సుమారు 0.75. డబ్బా మీద లీటరుకు 10 చదరపు మీటర్లు అని రాసుంటే, ఒక కోటుకి 75 మిల్లీలీటర్లు. మూడు కోట్లకు 225. స్ప్రే చేస్తే సగం దాకా గాల్లో పోతుంది, కాబట్టి 450. రేపు గీతలు పడితే దిద్దడానికి ఇంకో వంద. అర లీటరు దాటింది. హంబ్రోల్ చిన్న డబ్బా 14 మిల్లీలీటర్లు. ముప్పై పైచిలుకు డబ్బాలు తెరిచి, ఒక్కో బ్యాచ్ ఒక్కో షేడు వచ్చి, హల్ ముందు భాగం ఒక రంగు, వెనక భాగం ఇంకో రంగు! అలా కాకుండా అర లీటరు తెలుపు, చిన్న డబ్బాల్లో నలుపు, నీలం, గోధుమ తెచ్చుకుని ఒకే పాత్రలో కలిపితే హల్ అంతా ఒకటే రంగు.

ఆకారం వంపు తిరిగిన అడుగు భాగానికి వైశాల్యం కావాలంటే, ఒక కాగితపు పట్టీని ఐదారు చోట్ల హల్‌కి అడ్డంగా చుట్టి కొలవండి, వాటి సగటును పొడవుతో గుణించండి. మన పనికి ఆ లెక్క చాలు.

కలిపాక పరీక్ష. దీన్ని దయచేసి వదలకండి. కనీసం కాగితం సైజు ప్లైవుడ్ లేదా ప్లాస్టిక్ పలక తీసుకుని, హల్‌కి వేసిన ప్రైమరే వేసి, ఎన్ని కోట్లు వేస్తారో అన్నీ వేసి, పూర్తిగా ఆరనిచ్చి చూడండి. కప్పులో తడిగా ఉన్న రంగును నమ్మొద్దు. నీటి ఆధారిత యాక్రిలిక్ ఆరాక ముదురవుతుంది. మ్యాట్ ఎనామిల్ ఆరాక లేతబడినట్టు ఉంటుంది, దాని మీద వార్నిష్ పడగానే మళ్లీ ముదురవుతుంది. కాబట్టి పలక మీద వార్నిష్ కూడా వేయాలి. పలక సగానికి నల్ల చార గీసి దాని మీద పెయింట్ వేస్తే కప్పే శక్తి కూడా తెలుస్తుంది. ఎరుపు, పసుపు కప్పవు, ఎన్ని కోట్లు వేసినా కింది రంగు తొంగిచూస్తుంది. ఎరుపు కింద తెలుపో, లేత గులాబీ ప్రైమరో ఉంటే రెండు కోట్లలో పని తేలుతుంది, ముదురు బూడిద ప్రైమర్ మీద అదే ఎరుపు ఎప్పటికీ మురికిగానే ఉంటుంది.

ఆ పలక మీదే ఇంకో చిన్న పరీక్ష ఉంది. పెయింట్ సగం ఆరి జిగటగా ఉన్నప్పుడు ఒక మూల వేలితో రుద్దండి. రుద్దిన చోట రంగు మారితే మీ మిశ్రమంలో పిగ్మెంట్లు విడిపోతున్నాయన్నమాట. నీలం, నలుపు లాంటి సన్నటి పిగ్మెంట్లు పైకి తేలి, బరువైన తెలుపు కిందికి దిగుతుంది. అప్పుడు బ్రష్‌తో వేసిన చోట ఒక రంగు, స్ప్రే చేసిన చోట ఇంకో రంగు వస్తాయి. పలచన చేసేది తగ్గించడం, ఇంకా బాగా కలపడం, అదీ కాకపోతే వేరే నీలం వాడటం దీనికి మందు.

ఆరిన పలకను ఎక్కడ చూడాలి? నీళ్ల దగ్గర. బల్బు కింద ఒకేలా కనిపించిన రెండు బూడిదలు పగటి వెలుగులో వేరుగా తేలడం మీలో చాలామంది చూసే ఉంటారు. దీన్ని మెటామెరిజం అంటారు. రెండు రంగులు వేరువేరు పిగ్మెంట్లతో తయారైతే ఒక వెలుగులో కలిసినవి ఇంకో వెలుగులో విడిపోతాయి. అందుకని పలకను చెరువు గట్టుకి తీసుకెళ్లండి. నీళ్ల పక్కన నిలబెట్టి, మీరు మామూలుగా పడవ నడిపే చోటి నుంచి చూడండి. ఎండలో ఒకసారి, మబ్బులో ఒకసారి. నీళ్లలోంచి వచ్చే వెలుగు కూడా హల్ మీద పడుతుంది, ఆకుపచ్చగా ఉన్న చెరువులో లేత బూడిద పచ్చబడుతుంది. ఈ పని చేసినవాళ్లు దాదాపు అందరూ ఇంట్లో కలిపిన రంగును కాస్త మార్చుకుంటారు. ఈ ఒక్క సాయంత్రం ఖర్చుపెడితే చాలు, వర్క్‌షాపులో గంటల తరబడి ఉన్న టెన్షన్ పోతుంది.

మెరుపు గురించి క్లుప్తంగా. అసలు ఓడ గ్లాస్ పెయింట్‌దే అయినా మన స్కేల్లో పూర్తి గ్లాస్ వేస్తే చెరువూ ఆకాశమూ అద్దంలోలా కనిపిస్తాయి, ఓడ చిన్నదైపోతుంది. శాటిన్ (సగం మెరుపు) దగ్గర ఆగండి. యుద్ధనౌకకు మ్యాట్‌కి కొంచెం పైన. పూర్తి మ్యాట్ నీళ్లలో తిరిగే మోడల్‌కి పనికిరాదు, చేతి మరకలు, నీటి చుక్కల మచ్చలు పడతాయి, కడిగినా పోవు. మ్యాట్ వార్నిష్‌లో మెరుపు చంపే పొడి డబ్బా అడుగున దిగి ఉంటుంది. దాన్ని అడుగంటా కలపకపోతే ఒక పక్క మెరుస్తుంది, ఇంకో పక్క తెల్లటి పొడి మచ్చలు వస్తాయి.

[ప్రశ్న: వేరువేరు కంపెనీల పెయింట్లు కలపొచ్చా?]

కంపెనీ ముఖ్యం కాదు, రకం ముఖ్యం. ఎనామిల్‌ని ఎనామిల్‌తో, సెల్యులోజ్‌ని (ఘాటైన థిన్నర్‌తో పలచన చేసే పెయింట్‌ని) సెల్యులోజ్‌తో, నీటి యాక్రిలిక్‌ని దానితోనే కలపండి. అదే రకమైనా ముందు చిన్న కప్పులో కలిపి ఒక రాత్రి ఉంచండి. గడ్డ కట్టకపోతే, గింజలు రాకపోతే సరే. పొరల మీద పొర వేయడంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆరిన సెల్యులోజ్ మీద ఎనామిల్ వేయొచ్చు. ఎనామిల్ మీద సెల్యులోజ్ వేస్తే థిన్నర్ ఘాటుకి కింది పొర ముడతలు పడి లేస్తుంది. ప్లాస్టిక్ కట్టడాల మీద సెల్యులోజ్ థిన్నర్ పడితే ప్లాస్టిక్కే కరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ హల్ అయితే అచ్చు నుంచి వచ్చిన మైనం పూర్తిగా కడిగేశాకే వాటర్ పేపర్ పట్టాలి. ముందే రుద్దితే మైనాన్ని గీతల్లోకి తోసినట్టే. ఎపాక్సీ పూసిన చెక్క హల్ మీద కొన్నిసార్లు జిడ్డు పొర తేలుతుంది, అది మామూలు నీళ్లతోనే పోతుంది.

టూ-ప్యాక్ పాలీయురెథేన్, అంటే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) విడిగా కలిపి వాడే పెయింట్, చాలా గట్టిది, నాకు తెలుసు, ఇక్కడ కొందరు దానికి అభిమానులు. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే జన్మంతా ఆస్తమాతో బాధపడాల్సి రావొచ్చు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు, సరైన స్ప్రే బూత్ లేకుండా ఇంట్లో దాన్ని స్ప్రే చేయకండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను. మనలో ఎక్కువమందికి మంచి ఎనామిల్, దాని మీద వారాలపాటు ఆరనిచ్చి వేసిన వార్నిష్ సరిపోతాయి.

స్ప్రేకి ముందు పెయింట్‌ని పాత నైలాన్ సాక్సుతోనో కాగితపు జల్లెడతోనో వడకట్టండి. పలచన పాలంత ఉండాలి, అంతకంటే పలచనైతే అంచుల దగ్గర జారుతుంది. వాన వాతావరణంలో, తేమ బాగా ఉన్న రోజు సెల్యులోజ్ కొడితే తెల్లగా పాలిపోతుంది, ఆ రోజు వేరే పని చూసుకోండి. ఇక నీటి గీత గురించి. హల్‌ని బరువులతో సహా తొట్టిలో తేల్చి గుర్తు పెట్టాకే టేపు వేయండి. టేపు అంచు మీద ముందు కింది రంగునే పలచగా కొడితే, కారేది ఏదైనా అదే రంగులో కారి అంచు మూసుకుపోతుంది. ఆ తర్వాత రెండో రంగు. పెయింట్ గట్టిపడకముందే టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగండి.

[ప్రశ్న: రెండేళ్ల తర్వాత గీతలు పడితే, దాచిన పెయింట్ సరిగ్గా కలుస్తుందా?]

పూర్తిగా కలవదు, ఎందుకంటే మారేది పడవ మీద ఉన్న రంగు. ఐరన్ ఆక్సైడ్లు, టైటానియం తెలుపు ఎండకు నిలబడతాయి. కొన్ని సేంద్రియ ఎరుపులు, పసుపులు తెలుపుతో పలచబడినప్పుడు త్వరగా వెలిసిపోతాయి. అందుకే కలిపేటప్పుడే ట్యూబు మీదో డబ్బా మీదో పిగ్మెంట్ కోడ్ ఉంటే చూడండి. పీడబ్ల్యూ6 టైటానియం తెలుపు, పీఆర్101 ఎరుపు ఐరన్ ఆక్సైడ్, పీవై42 పసుపు ఐరన్ ఆక్సైడ్, పీబీకే7 కార్బన్ నలుపు. ఇవి నమ్మకమైనవి. వీటితో అయ్యే పనికి వేరే రంగు వెతకొద్దు.

మిగిలిన పెయింట్‌ని చిన్న గాజు సీసాలోకి, మూత దాకా నిండేలా పోయండి. లోపల గాలి ఎంత తక్కువుంటే మీగడ అంత తక్కువ కడుతుంది. సీసా మీద తూకాలు, బ్రాండు, తేదీ, ఏ పడవకో రాయండి. అదే వివరాలు పరీక్ష పలక వెనక కూడా రాసి, ఆ పలకను సగానికి కోసి, ఒక సగం చీకట్లో దాచండి, రెండో సగం పడవ ఉండే చోటే ఉంచండి. దిద్దాల్సిన రోజున రెండు సగాలూ పక్కపక్కన పెడితే రంగు ఎటు జరిగిందో తెలుస్తుంది, సీసాలోని పెయింట్‌లో ఏ చుక్క కలపాలో కూడా తెలుస్తుంది. దిద్దేటప్పుడు గీత ఉన్న చోట మాత్రమే వేస్తే మచ్చ కనిపిస్తుంది. ఒక రేకు అంచు నుంచి ఇంకో రేకు అంచు దాకా, లేదా ఒక తలుపు నుంచి ఇంకో తలుపు దాకా పూర్తి భాగాన్ని వేయండి. అసలు ఓడల మీద కూడా అలా ముక్కలు ముక్కలుగానే దిద్దుతారు కాబట్టి చూసేవారికి అది సహజంగానే ఉంటుంది.

నా పలకలు, సీసాలు అటు బల్ల మీద ఉన్నాయి. 5-హెచ్, 5-ఎన్ రెండూ ఒకే మూలం నుంచి కలిపినవి, వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి.